నీళ్ళక్క రాయని రాజీనామా

ఆ ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఇరవై రెండేళ్ళుగా అందరికీ నీళ్ళక్కే. మంచినీటి గొట్టాలకు బిగించే వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీ అది. పోతపోసి, లేత్ మీద తిప్పి, బిగించి తెచ్చిన ప్రతి వాల్వూ చివరికి ఆమె బల్ల మీదికి రావాల్సిందే. ఆమె దాని రెండు మూతులూ బిగించి, లోపలికి నీళ్ళు ఎక్కించి, పంపు కొట్టి ఒత్తిడి పెంచి, మూడు నిమిషాలు కన్నార్పకుండా చూసేది. ఎక్కడైనా చెమ్మ కనబడితే వాల్వు వెనక్కి పోవాల్సిందే. కనబడకపోతే సుత్తితో ఒక్క దెబ్బ వేసి తన నంబరు ముద్ర కొట్టేది. రోజంతా నీళ్ళతోనే సావాసం కాబట్టి మోచేతుల దాకా ఎప్పుడూ తడి. రబ్బరు బూట్లు వేసుకుని షెడ్డులో నడుస్తుంటే వెనకాలే తడి అడుగులు పడేవి. ఆ పేరు అలా వచ్చింది.

ఆమెను తిట్టుకోని పోతపనివాడు లేడు. "ఆవిడ కళ్ళల్లో ఏం వేసుకొస్తుందో గానీ, వాల్వుకి చెమటపట్టినా కారిందంటుంది" అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె భర్త అదే ఫ్యాక్టరీలో టర్నరు. అతను తిప్పిన ముక్కలు కూడా ఆమె చేతిలో వెనక్కి వెళ్ళిన రోజులున్నాయి. ఆ రోజుల్లో ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల చప్పుడు ఉండేది కాదు.

ఫ్యాక్టరీల రోడ్డు మీద అంతకుముందు మూడేళ్ళలో మూడు గేట్లు మూతపడ్డాయి. మొదట సీసాల ఫ్యాక్టరీ, తర్వాత దారం మిల్లు, ఆ తర్వాత సైకిల్ చెయిన్ల కంపెనీ. పొద్దున షిఫ్టు వేళకు కాలు పెట్టే సందు లేని రోడ్డు మీద ఇప్పుడు కుక్కలు అడ్డంగా పడుకుంటున్నాయి. అయినా వాల్వుల ఫ్యాక్టరీకి ఢోకా లేదనే అందరూ అనుకున్నారు. మనుషులు నీళ్ళు తాగడం మానేస్తారా ఏంటి అని వాళ్ళ ధీమా. కానీ పెద్దాయన పోయాక పెత్తనం చిన్న యజమాని చేతికి వచ్చింది. వాల్వులు తయారుచేయడం కన్నా ఎక్కడినుంచో తెప్పించి తమ చీటీ అంటించడం తేలికని ఆయనకు ఎవరో చెప్పారు. ఫ్యాక్టరీ కన్నా దాని కింద ఉన్న నేలకే ఎక్కువ గిరాకీ అని కూడా చెప్పారు.

ఒక మంగళవారం, భోజనాల గంటకు కాస్త ముందు, మేనేజరు టెస్టింగ్ షెడ్డులోకి వచ్చాడు. ఆయన్ని అందరూ నవ్వుల మేనేజరు అనేవాళ్ళు. జీతం కోసినా, సెలవు లేదన్నా, ఉద్యోగంలోంచి తీసేసినా ఆ మొహం మీద నవ్వు మాత్రం చెక్కు చెదరదు. చేతిలో కాగితాల కట్ట ఉంది. ఒకటి తీసి నీళ్ళక్క బల్ల మీద పెట్టాడు.

"ఏముంది సార్ ఇందులో?"

"ఏం లేదమ్మా, చిన్న ఫార్మాలిటీ. కింద ఇంటూ గుర్తు పెట్టాను చూడండి, అక్కడ ఒక్క సంతకం."

నీళ్ళక్క కోటుకి చేతులు తుడుచుకుని, కాగితాన్ని వెలుతురు వైపు పట్టుకుని చదివింది. తర్వాత షెడ్డులో ఉన్న అందరికీ వినబడేలా పైకి చదివింది. "నా సొంత కారణాల వల్ల, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపూర్వకంగా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను." ఆగి, ఆయన మొహంలోకి చూసింది. "నా సొంత కారణం ఏంటి సార్?"

"అదేం లేదమ్మా. అందరికీ ఒకేలా అచ్చు వేయించాం."

"మూడొందల నలభై మందికీ ఒక్కటే సొంత కారణమా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. గొంతు తగ్గించి, "చూడండమ్మా, ఫ్యాక్టరీ ఎలాగూ నడవదు. మంచిగా రాసిస్తే చేతికి ఎంతో కొంత వస్తుంది. మొండికేస్తే అదీ ఉండదు. మిమ్మల్ని ఎవరూ ఒత్తిడి చేయడం లేదు" అన్నాడు.

"ఒత్తిడి ఉందో లేదో చెప్పడమే కదా సార్ ఇరవై రెండేళ్ళుగా నా పని" అంది నీళ్ళక్క. కాగితం మడిచి ఆయన చేతికే తిరిగి ఇచ్చేసింది.

ఈసారి షెడ్డంతా నవ్వింది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రానికి యూనియన్ నాయకుడే మొదటి సంతకం పెట్టాడన్న కబురు వచ్చింది. ఆ తర్వాత ఆఫీసు ముందు వరుస కట్టారు.

ఆ రోజు ఇంటికొచ్చాక భర్త కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడిచిన చోటే తుడుస్తూ కూర్చున్నాడు. నీళ్ళక్కకు అడక్కుండానే అర్థమైంది.

"పెట్టేశావా?"

అతను నీళ్ళు నమిలాడు. "అందరూ పెడుతుంటే నేనొక్కణ్ణి ఏం చేయను? ఫోర్‌మన్ పెట్టాడు. మీ షెడ్డువాళ్ళు కూడా..."

"నేను పెట్టలేదుగా."

"నీదంతా మొండితనం. పెట్టకపోతే మాత్రం ఏం చేస్తావు? గేటుకి తాళం వేస్తారు. తాళానికి నీళ్ళు పట్టి పరీక్ష చేస్తావా?"

వంటింట్లోంచి అత్తగారు బయటికి వచ్చింది. అరవై ఏళ్ళు దాటిన మనిషి. దారం మిల్లులో ముప్పై ఏళ్ళు నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి గానీ నోరు మాత్రం ఇంకా పదునుగానే ఉంది. కోడలంటే ఆమెకు వల్లమాలిన ప్రేమేమీ లేదు. రోజుకొక తంటా ఉంటూనే ఉండేది.

"ఏమే అమ్మాయ్, ఆ కాగితంలో ఏం రాశారో చదివావా?"

"చదివాను అత్తమ్మా."

"నువ్వు చదివావట్రా?" అని కొడుకుని అడిగింది.

కొడుకు తువ్వాలు మడతపెట్టసాగాడు.

"మా మిల్లులోనూ ఇలాగే ఇచ్చారు. నాకు చదువు రాదు గనక వేలిముద్ర వేశాను. నీకేమొచ్చింది, బళ్ళో వేసి చదివించాను గదరా" అని ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మూడు మొహాలు మూడు వైపులకు తిరిగి ఉన్నాయి.

మర్నాడు ఎనిమిదింటికి పది నిమిషాల ముందు నీళ్ళక్క నీలం కోటు వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. గేటు దగ్గర ఉండేది గేటు బాబాయి. ముప్పై ఏళ్ళుగా అక్కడే కాపలా. రూలంటే ఆయనకు ప్రాణం. ఒకసారి పాసు లేదని పెద్దాయన కారునే ఆపేశాడు. పెద్దాయన దిగి, నవ్వి, లోపలికి నడిచి వెళ్ళాడట. ఆ సంగతి ఆయన ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పుంటాడు.

"పనికొచ్చావా అమ్మాయ్?" అన్నాడు ఆశ్చర్యంగా.

"నా పేరు ఇంకా రిజిస్టరులో ఉందా బాబాయ్?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పేజీ మీద వేలు జరుపుకుంటూ వెతికాడు. "ఉంది."

"ఉంటే లోపలికి పంపాలా, వద్దా?"

"ఉంటే పంపాల్సిందే. అది రూలు" అని గేటు తీశాడు.

ఆమెలాగా సంతకం పెట్టనివాళ్ళు మొదట పన్నెండు మంది ఉన్నారు. పొద్దున హాజరు కార్డు గుద్ది, ఆగిపోయిన యంత్రాల మధ్య కూర్చుని, సాయంత్రం మళ్ళీ కార్డు గుద్ది వెళ్ళేవాళ్ళు. మొదటి వారం బాగానే గడిచింది. కబుర్లు, ఎకసెక్కాలు, పాత గొడవలు. రెండో వారం నుంచి మేనేజరు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఒకరికి కూతురి కాలేజీ గుర్తుచేశాడు. ఒకరికి గుండెజబ్బు గుర్తుచేశాడు. వెళ్ళిన ప్రతివాళ్ళూ తలొంచుకుని బయటికొచ్చి, నీళ్ళక్క వైపు చూడకుండా క్యారేజీ సంచి తీసుకుని వెళ్ళిపోయారు. చివరికి మిగిలిన పెయింటరు మాత్రం ఆమె దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నన్ను తిట్టు."

"ఎందుకురా తిట్టడం? పిల్లల్ని చూసుకో" అంది. ఆ మాట అన్నాక ఆమెకు ఆ షెడ్డు ఒక్కసారిగా చాలా పెద్దదైపోయినట్టు అనిపించింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె ఒక్కతే. అంత పెద్ద ఫ్యాక్టరీలో ఒకే ఒక్క కార్మికురాలు. మేనేజరు మొదట ఆమె కుర్చీ తీయించాడు. ఆమె ఒక పెద్ద వాల్వు మీద గోనెసంచి పరుచుకుని కూర్చుంది. తర్వాత షెడ్డుకు కరెంటు తీసేయించాడు. ఆమె కిటికీ పక్కకు జరిగింది. మంచినీళ్ళ పంపు కట్టేయించాడు. ఇంటినుంచి సీసా తెచ్చుకుంది. తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న గోదాముకు బదిలీ చేస్తూ ఉత్తరం ఇచ్చాడు. "అక్కడ టెస్టింగ్ బల్ల లేదు. నేను టెస్టరుని. బల్ల పెట్టిన రోజు చెప్పండి, బయల్దేరతాను" అని వెనకే రాసి పంపింది.

ఖాళీగా కూర్చోవడం ఆమెకు చేతకాని పని. అందుకని రోజూ ఒక గంట షెడ్లన్నీ తిరిగేది. దుమ్ము దులిపేది. లేత్ మిషన్ల మీద నూనె గుడ్డతో తుడిచేది. తుప్పు పట్టకుండా గ్రీజు రాసేది. పైకప్పు కారే చోట ఒక మిల్లింగ్ మిషను మీద టార్పాలిన్ కప్పింది. ఎవరి మిషను ఏదో ఆమెకు తెలుసు. తన భర్త నిలబడే లేత్ దగ్గర నేల మీద రెండు పాదాల మేర సిమెంటు నున్నగా అరిగిపోయి ఉంది. అక్కడికి వచ్చినప్పుడు ఆమెకు కోపం, జాలి కలిపి వచ్చేవి. ఆ మిషనుకు మాత్రం కాస్త ఎక్కువ గ్రీజు రాసేది.

భర్త కిటికీ ఊచలు చేసే చిన్న కొట్లో పనికి కుదిరాడు. వేలెడు దళసరి పని కూడా లేదక్కడ, చెయ్యి మొద్దుబారిపోతోంది అని విసుక్కునేవాడు. భార్యతో మాటలు ముక్తసరిగానే. బయట ఎవరైనా "మీ ఆవిడ ఇంకా డ్యూటీకి పోతోందా?" అని నవ్వితే ఆ చిరాకంతా ఇంటికి మోసుకొచ్చేవాడు. ఒకరోజు నిలదీశాడు కూడా. "ఎందుకే ఇదంతా? ఎవరికి నిరూపించాలని?"

"నిరూపించడానికేం కాదు. నేను మానెయ్యలేదు. మానేశానని రాయమంటున్నారు. అంతే."

లేబర్ ఆఫీసుకి ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. అక్కడ ఒక అధికారిణి ఉండేది, ముభావి. మొదటి రెండుసార్లు దరఖాస్తు తీసుకుని తలాడించి పంపేసింది. మూడోసారి కూర్చోమంది. "ఇంతమంది పనిచేసే ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వం అనుమతి ఉండాలి. కార్మికులే మానేస్తే ఆ గొడవ ఉండదు. అందుకే ఆ కాగితాలు. మీరొక్కరు మిగిలారు కాబట్టి వాళ్ళు ఇప్పుడు అనుమతి అడగక తప్పలేదు."

"ఏమని అడిగారు మేడం?"

అధికారిణి ఫైలు తిప్పింది. "యంత్రాలన్నీ పాడైపోయాయట. ఒక్కటీ పనిచేయదట. బాగుచేయడానికి కూడా వీల్లేదట. కాబట్టి నడపడం అసాధ్యం అంటున్నారు. విచారణ వచ్చే నెల."

"పాడైపోయాయా?" అంది నీళ్ళక్క. "నిన్ననే కదా మేడం నేను గ్రీజు రాసింది!"

"మీ నోటిమాట చాలదు. ఏదైనా రాతపూర్వకంగా కావాలి" అంది అధికారిణి. తన ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి ఇచ్చింది.

విచారణ ఇంకా రెండు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం మూడు లారీలు, ఒక క్రేను వచ్చి గేటు ముందు ఆగాయి. పాత ఇనుము కొనే వ్యాపారి దిగాడు. లావుపాటి మనిషి, చెవి వెనకాల పెన్ను. విచారణకు ముందే షెడ్లు ఖాళీ చేసేస్తే చూపించడానికి ఏమీ మిగలదని చిన్న యజమాని లెక్క. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"గేటు తియ్యి బాబాయ్."

"లోపలికి వెళ్ళొచ్చు సార్. బయటికి పోయేటప్పుడు మాత్రం చీటీ కావాలి" అన్నాడు గేటు బాబాయి.

"ఏం చీటీ?"

"ఇన్స్పెక్షన్ చీటీ. వస్తువేంటి, ఏ స్థితిలో ఉంది, రాసి ఇన్స్పెక్షన్ వాళ్ళు సంతకం పెట్టాలి. కింద మీరు పెట్టాలి. అదిగో, గోడ మీద ఉంది. పెద్దాయన రాయించింది."

గోడ మీద వెలిసిపోయిన అక్షరాలున్నాయి. మేనేజరు వాటిని చదివి, "ఇన్స్పెక్షన్లో ఇప్పుడెవరున్నారయ్యా?" అన్నాడు. అన్నాక ఎవరున్నారో ఆయనకే తట్టింది. ఆ మొహం మీద నవ్వు మొట్టమొదటిసారి కాస్త వంకరపోయింది.

గేటు బాబాయిని గదమాయించి లారీలు తోలించేసేవాడే. కానీ అడ్డుపడింది వ్యాపారి. "చీటీ లేకుండా నేను కదల్చను సార్. దారిలో ఎవడైనా ఆపితే దొంగమాలంటాడు. నాకెందుకొచ్చిన గొడవ?"

నీళ్ళక్కను పిలిపించారు. మేనేజరు చీటీల పుస్తకం ఆమె ముందుకు తోశాడు. "అరవై ఒక్క మిషన్లమ్మా. అన్నిటికీ 'స్క్రాప్' అని రాసి సంతకం పెట్టండి. అరగంట పని."

"పరీక్షించకుండా ఎలా రాస్తాను సార్?"

"స్క్రాప్‌కి పరీక్షేంటమ్మా?"

"స్క్రాపో కాదో తేలాలంటే నడిపి చూడాలి కదా."

మేనేజరు ఏదో అనబోయాడు. ఈలోగా వ్యాపారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఏంటమ్మా, కొన్ని నడుస్తాయంటారా?"

"కొన్నేంటండీ, నడవనివి ఎన్నో లెక్కపెట్టాలి."

"అయితే నడిపి చూపించండి సార్!" అన్నాడు వ్యాపారి మేనేజరుతో ఉత్సాహంగా. "నడిచేదైతే నేను ముక్కలు చేయను. మిషనుగానే అమ్ముకుంటాను. 'పనిచేస్తుంది' అని కంపెనీ చీటీ ఉంటే నాకు బంగారం. రెండ్రోజులు ఆగుతాను, ఏం పర్లేదు."

మేనేజరు ఇరుక్కుపోయాడు. మిషన్లు నడవవని ఇప్పుడు కొనేవాడితో అంటే ఎక్కువ ధర వచ్చే బేరం చెడుతుంది. నడుస్తాయంటే ఫైల్లో రాసింది చెడుతుంది. ఆయన చిన్న యజమానికి ఫోను చేశాడు. అవతలినుంచి ఏం వినబడిందో గానీ, "తొందరగా కానివ్వండి" అని విసురుగా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తొందరే వాళ్ళ కొంప ముంచింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా భర్త ముందు నిలబడింది నీళ్ళక్క. "రేపు నాకు టర్నరు కావాలి. ఎలక్ట్రీషియన్ కావాలి. మిల్లింగ్, డ్రిల్లింగ్ వాళ్ళు కావాలి. మిషన్లు నడిపి చూపించాలి."

"నన్నెవరు రానిస్తారు? నేను రాసిచ్చినవాణ్ణి."

"ఉద్యోగం రాసిచ్చావు. చేతులు కూడా రాసిచ్చావా?"

అతను తలెత్తి చూశాడు. చాలా రోజుల తర్వాత ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకున్నారు. తలుపు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. "ఏరా, కదలవేం? అమ్మాయి ఒక్కతీ ఎన్ని చోట్లకి తిరుగుతుంది? పో, ఆ మిల్లింగ్ వాడి ఇంటికి నువ్వెళ్ళు. పెయింటరు దగ్గరికి నేను వెళ్తాను. దగ్గరే గదా" అంటూ మోకాళ్ళ నొప్పిని పక్కనపెట్టి చేతికర్ర అందుకుంది.

మర్నాడు పొద్దున గేటు ముందు నలభై మంది. గేటు బాబాయి సందర్శకుల రిజిస్టరు తెరిచాడు. ఒక్కొక్కరి వివరాలూ రాసి, 'వచ్చిన పని' అన్న చోట 'యంత్రం నడుపుటకు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. నలభై సార్లు రాశాడు. "తొందరగా కానీ బాబాయ్" అని ఎవరో అంటే, "రూలు రూలే" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ మీటరు గదిలోకి వెళ్ళాడు. ఐదు నిమిషాలకు పైన దీపాలు వణికి, వెలిగాయి. భర్త తన లేత్ దగ్గరికి నడిచాడు. అరిగిన ఆ చోట పాదాలు పెట్టి నిలబడ్డాడు. మిషను మీద చెయ్యి వేసి, వేళ్ళకంటిన గ్రీజు చూసి, భార్య వైపు తిరిగాడు.

"ఇదెవరు రాశారు?"

"నేనే. ఎక్కువైందా?"

"లేదు" అన్నాడు. "సరిపోయింది."

మీట నొక్కాడు. మోటారు ఒకసారి మూలిగి, తిరగడం మొదలుపెట్టింది. ఐదు నెలలుగా మూగబోయిన షెడ్డులో ఆ చప్పుడు గోడ నుంచి గోడకు పాకింది. ఒక కడ్డీ బిగించి పనిముట్టు ఆనించగానే మెరిసే చుట్టలు చుట్టలుగా ఇనుప పొట్టు రాలింది. మిల్లింగ్ మిషనువాడు ముక్కు చీదుకున్నాడు.

"ఏడుపులు తర్వాత. కొలత చూపించు" అంది నీళ్ళక్క. మైక్రోమీటరుతో కొలిచింది. చీటీ మీద రాసింది: 'లేత్, ఒకటో నంబరు. నడిపి చూశాను. కొలత సరిగా వస్తోంది. పనిచేస్తుంది.' సంతకం పెట్టింది. ప్రతి చీటీకీ మూడు ప్రతులు. ఒకటి గేటుకు, ఒకటి ఆఫీసుకు, ఒకటి పుస్తకంలోనే. మేనేజరు సంతకం కోసం వ్యాపారే స్వయంగా పుస్తకాన్ని ఆఫీసు గదికి పట్టుకెళ్ళాడు. పది చీటీలు ఒకేసారి పెట్టి, "కానివ్వండి సార్, లారీలు ఆగిపోయాయి" అని వెంటపడ్డాడు. మేనేజరు చదవకుండానే గీకేశాడు.

రెండో రోజుకు గేటు అవతల జనం చేరారు. చప్పుడు విని వచ్చినవాళ్ళు. చెయిన్ల కంపెనీవాళ్ళు, సీసాల ఫ్యాక్టరీవాళ్ళు కూడా వచ్చి, కమ్మీల సందుల్లోంచి చూస్తూ నిలబడ్డారు. ఎవరో మూసేసిన టీ కొట్టు తెరిచారు. నీళ్ళక్క మాత్రం తలెత్తలేదు. డ్రిల్లింగ్ మిషన్లలో రెండు పనిచేయలేదు. ఒకడు మెల్లగా, "అక్కా, అవి కూడా పనిచేస్తాయని రాసెయ్యి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"నేను చూశానుగా" అని ఆ రెంటికీ 'పనిచేయదు' అనే రాసింది.

మూడో రోజు మధ్యాహ్నం, మొదటి లేత్‌ను క్రేనుకు కడుతుండగా లేబర్ ఆఫీసు జీపు వచ్చింది. ముందురోజే నీళ్ళక్క ఫోను చేసింది. ముభావి అధికారిణి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా షెడ్డులోకి నడిచింది. రెండు వైపులా నడుస్తున్న యంత్రాలు చూసింది. చీటీల పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పింది. మేనేజరు అక్కడికి చేరుకునేసరికి ఆమె చివరి చీటీ మీద వేలు పెట్టి ఉంది.

"ఇది మీ సంతకమేనా?"

ఆయన చీటీ మీదికి వంగి చూశాడు.

"అరవై ఒకటిలో యాభై తొమ్మిది పనిచేస్తాయని మీరు సంతకం పెట్టారు. ఒక్కటీ పనిచేయదని మాకు రాసిచ్చిన దాని మీద ఉన్నదీ మీ సంతకమేనా?"

"మేడం, అది... ఆ రోజు తొందరలో..."

"ఏది తొందరలో పెట్టారో విచారణలో చెప్పండి" అంది అధికారిణి. అక్కడే, ఆ లేత్ బల్ల మీదే కాగితం పెట్టి ఆర్డరు రాసింది. విచారణ పూర్తయ్యేదాకా ఒక్క మేకు కూడా గేటు దాటకూడదు. గేటు బాబాయి ఆ ఆర్డరు రెండు చేతులతో అందుకుని, గోడ మీద పెద్దాయన రాయించిన రూలు పక్కనే అంటించాడు.

వ్యాపారి మాత్రం తల పట్టుకున్నాడు. లారీ ఎక్కుతూ నీళ్ళక్కతో అన్నాడు. "మంచి మిషన్లు చూపించి ఊరించారు గదమ్మా."

"మంచి మిషన్లని నేను ముందే చెప్పానుగా అన్నా."

విచారణలో యజమాని తరఫు వకీలు గంటసేపు మాట్లాడాడు. నీళ్ళక్క మాట్లాడింది ఐదు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు చీటీల నంబర్లు చదవడానికే సరిపోయాయి. మూసివేతకు అనుమతి ఇవ్వలేదు. రాజీనామాల మీద కూడా అనుమానాలున్నాయని, వాటిని విడిగా విచారించాలని రాశారు. చిన్న యజమాని పై కోర్టుకు వెళ్ళాడు. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఈలోగా కేసులో ఇరుక్కున్న ఫ్యాక్టరీ నేలను కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. కార్మికులు నడిపి చూపించిన మిషన్లున్నాయని తెలిసి ఊరి నీటి సరఫరా వాళ్ళు వాల్వుల ఆర్డరు ఇచ్చారు. చివరికి ఆయన గతిలేక రెండు షెడ్లు తెరిచాడు.

తొంభై ఆరు మందిని తిరిగి పిలిచారు. పేర్ల జాబితా గేటుకు అంటించారు. నీళ్ళక్క భర్త పేరు అందులో లేదు. మిషన్లు నడిపిన నలభై మందిలో ఒక్కరి పేరూ లేదు.

"పోనీలే. నీ ఉద్యోగం నిలిచింది, చాలు" అన్నాడు భర్త. గోడ వైపు తిరిగి అన్నాడు.

"పోనీలే ఏంటి? పోనివ్వడానికి నేనెవర్ని?" అంది నీళ్ళక్క. అత్తగారు అప్పటికే పెయింటరు ఇంటికి బయల్దేరింది.

తెరిచిన వారానికే నీళ్ళక్క సెలవు చీటీ పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. కారణం ఉన్నచోట ఉన్నది ఉన్నట్టు రాసింది: 'లేబర్ ఆఫీసుకు వెళ్ళాలి. తీసుకోని రెండు వందల నలభై ముగ్గురి పని మీద.'

మేనేజరు అది చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. "వచ్చి వారం కాలేదు. ఇలా రాస్తే పైవాళ్ళు నన్నంటారమ్మా. ఒంట్లో బాలేదనో ఏదో రాసుకోవచ్చు కదా?"

"ఒంట్లో బానే ఉంది సార్" అంది నీళ్ళక్క.

బయట గేటు దగ్గర భర్తతో పాటు నలభై మంది బస్సు కోసం చూస్తున్నారు. ఆమె కోటు విప్పి భుజాన వేసుకుని వాళ్ళ వైపు నడిచింది.